స్టాంపు కాగితంతో ముడి వీడదు

విడాకులు అన్న మాటలోనే ఆకు ఉండడం వల్లనో ఏమో, మనలో చాలామంది విడాకులంటే ఒక కాగితం అనుకుంటారు. పెద్దలు నలుగురూ కూర్చుంటారు. మాట తెగుతుంది. స్టాంపు కాగితం తెప్పించి నాలుగు వాక్యాలు వ్రాస్తారు. అటూ ఇటూ సంతకాలు పడతాయి. ఇక నీ దారి నీది, నా దారి నాది! చదువూ సంధ్యా ఉన్నవారు కూడా ఇంతేనని నమ్మి నిశ్చింతగా ఉండడం చూస్తే ఆశ్చర్యమూ, భయమూ కూడా కలుగుతాయి.

ఆ మధ్య ఒకనాటి సాయంకాలం మా మిత్రులైన ఒక ప్లీడరుగారి గదిలో కూర్చొని ఉండగా ఒక పెద్దమనిషి వచ్చారు. రిటైరైన బడిపంతులు. భుజాన ఉత్తరీయం, చేతిలో సంచీ. సంచీలోనుంచి జాగ్రత్తగా మడత పెట్టిన కాగితం ఒకటి తీసి బల్లమీద పెట్టారు. నూరు రూపాయల స్టాంపు కాగితం. అడుగున ఆలుమగల సంతకాలు, నలుగురు సాక్షుల సంతకాలు, ఒక మూల నోటరీగారి గుండ్రని ముద్ర.

సంగతి ఇది. పంతులుగారి చిన్నమ్మాయికి అయిదేళ్ళ క్రిందట పెళ్ళయింది. ఏడాదిన్నర కాపురం చేసింది. పిల్లలు లేరు. ఆ కాపురంలోని గొడవలు మనకు అక్కరలేదు. పొసగలేదు, అంతే. మూడేళ్ళ క్రిందట ఉభయపక్షాల పెద్దలూ కూర్చొని, పెట్టిన బంగారం అమ్మాయికి ఇప్పించి, “ఇకమీదట మా ఇద్దరికీ ఏ సంబంధమూ లేదు, ఎవరి పెళ్ళి వారు చేసుకోవచ్చును” అని ఈ కాగితం వ్రాయించారు. ఇప్పుడు అమ్మాయికి మరొక సంబంధం కుదిరింది. వచ్చే నెలలో ముహూర్తం. పెళ్ళికొడుకు మేనమామ కాస్త లోకం తెలిసిన మనిషి. “అంతా బాగానే ఉన్నది బావగారూ, కోర్టు డిక్రీ ఒకసారి చూపించండి” అన్నాడట. పంతులుగారికి ఆ మాట కష్టం కలిగించింది.

“మేము పరువుగా బ్రతికినవాళ్ళం బాబూ! ఆడపిల్లను కోర్టుల చుట్టూ తిప్పడం ఎందుకని పెద్దమనుషుల్లో తేల్చుకొన్నాము. నోటరీ ముద్ర కూడా వేయించాము. ఇది చాలదూ?” అన్నారు.

ప్లీడరుగారు కాగితం రెండుసార్లు చదివారు. “మాస్టారూ, మీ కులంలో ఇట్లా పెద్దల ఎదుట విడాకులు పుచ్చుకొనే ఆచారం తాతల నాటినుంచీ ఉన్నదా?” అని అడిగారు.

“అయ్యో, మా వంశంలో ఇదే మొదలు.”

“అయితే, చట్టం దృష్టిలో మీ అమ్మాయి ఈ క్షణానికి కూడా ఆ అబ్బాయి భార్యే.”

పంతులుగారు చాలాసేపు మాట్లాడలేదు.

ఆ మేనమామ ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉండకపోతే ఏమయ్యేదో ఆలోచించండి. మొదటి పెళ్ళి రద్దు కాకుండా చేసుకొన్న రెండో పెళ్ళి చట్టంలో పెళ్ళే కాదు. పైగా అది నేరం. ఏడేళ్ళ దాకా జైలుశిక్ష వేయవచ్చును. రేపు ఆ రెండో భర్తకు ఏమైనా అయితే, అతని ఆస్తిలోను, పింఛనులోను భార్యగా ఆమె హక్కు నిలవదు. వియ్యాలవారిలో ఎవరికి అక్కసు పుట్టినా ఆ పాత పెళ్ళి శుభలేఖ ఒక్కటి పైకి తీస్తే చాలు. పరువుకోసం కోర్టుకు వెళ్ళనివారి పరువు అప్పుడు ఎక్కడుంటుంది?

అందుచేత, విడాకులు కోరే పని ఎవరింటా రాకూడదని కోరుకుంటూనే, వాటి సంగతి తెలుసుకొని ఉండడం మంచిది. తేలు మంత్రం తెలిసినంతమాత్రాన తేలు కుట్టదు గదా!

చట్టం రాకముందు

మన పెద్దల దృష్టిలో వివాహం ఒక సంస్కారం. అగ్నిసాక్షిగా ఏడడుగులు నడిచాక ఆ బంధం తెగేది కాదు. అయితే దేశంలో అందరూ ఒకే పద్ధతిలో ఉండేవారు కాదు. అనేక కులాలలో, గిరిజన తెగలలో పెద్దల ఎదుట విడిపోవడం, మారు మనువు చేసుకోవడం ఎప్పటినుంచో ఉన్న ఆచారమే. ఆచారం లేనివారికి మాత్రం దారి లేదు. మగవాడు ఒకరిని వదిలి మరొకరిని కట్టుకోవచ్చును. ఆడది పుట్టింట్లో మూల కూర్చోవలసిందే.

కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజులలోనే, 1949లో, అక్కడి శాసనసభ హిందువుల బహుభార్యాత్వాన్ని నిషేధించి విడాకులకు వీలు కల్పించే చట్టం చేసింది. ఢిల్లీలో హిందూ కోడ్ బిల్లు మీద జరిగిన వాదోపవాదాలకు అంతు లేదు. బెనెగల్ నర్సింగరావుగారి కమిటీ దానిని తయారుచేసింది. అంబేద్కరుగారు దానిని పార్లమెంటులో నడిపించి, అది ముందుకు సాగక 1951లో మంత్రి పదవికి రాజీనామా ఇచ్చారు. చివరకు ఆ బిల్లునే ముక్కలు ముక్కలుగా ప్యాసు చేశారు. వాటిలో మొదటిది 1955 మే 18వ తేదీన అమలులోకి వచ్చిన హిందూ వివాహ చట్టం. హిందువులకే కాక బౌద్ధులకు, జైనులకు, సిక్కులకు కూడా ఇదే వర్తిస్తుంది.

ఈ చట్టం పాత ఆచారాలను పూర్తిగా తుడిచివేయలేదు. ఆచారం ప్రకారం విడాకులు పొందే హక్కు ఉన్నవారికి ఆ హక్కు అలాగే ఉంచింది. ప్లీడరుగారు పంతులుగారిని అడిగిన ప్రశ్నకు అర్థం ఇదే. అయితే, ఆచారం ఉన్నదని నోటితో చెబితే సరిపోదు. అది ఆ కులంలో చాలాకాలంగా ఎడతెగకుండా ఉన్నదని సాక్ష్యంతో రుజువు చేయాలి. వ్రాసుకొన్న విడాకుల పత్రం ఆచారం ఉంటేనే చెల్లుతుందనీ, ఆచారాన్ని రుజువు చేయవలసిన బాధ్యత దాని మీద ఆధారపడినవారిదేననీ 2002లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. తక్కినవారందరికీ ఒకటే దారి: కోర్టు డిక్రీ.

ఏ కారణాలు చెల్లుతాయి?

మొదటి నియమం: పెళ్ళయిన ఏడాది లోపల విడాకుల పిటీషను వేయరాదు. భరించలేని కష్టం ఉన్నదని చూపితే కోర్టు అనుమతి ఇవ్వవచ్చును గాని, అది అరుదు. ఏడాది ఆగడం ఎందుకంటే, కొత్త కాపురంలోని అలకలకూ, అసలు తగవులకూ తేడా తెలియడానికి ఆ మాత్రం కాలం పడుతుందని.

రెండో నియమం: “నాకు ఇష్టం లేదు” అన్నది కారణం కాదు. చట్టంలో చెప్పిన కారణాలలో ఏదో ఒకటి ఉండాలి. భార్యాభర్తలలో ఒకరు పరాయివారితో సంబంధం పెట్టుకోవడం, క్రూరంగా చూడడం, రెండేళ్ళు ఎడతెగకుండా విడిచిపెట్టి పోవడం, మతం మారడం, కలిసి బ్రతకడం అసాధ్యమైనంత మతిభ్రమణం, అంటుకొనే సుఖవ్యాధి, సన్యాసం పుచ్చుకోవడం, ఏడేళ్ళుగా బ్రతికి ఉన్నట్టు కబురే లేకపోవడం. కుష్ఠువ్యాధి కూడా ఒకప్పుడు ఈ జాబితాలో ఉండేది. ఆ జబ్బు మందులతో నయమవుతుంది కాబట్టి 2019లో దానిని తీసివేశారు.

1955లో క్రూరత్వం, విడిచిపెట్టడం అన్నవి విడాకులకు కారణాలు కావు. వాటికి వేరుగా ఉండే అనుమతి మాత్రమే ఇచ్చేవారు. 1976లో చట్టాన్ని సవరించి ఈ రెండింటినీ విడాకుల కారణాలలో చేర్చారు. క్రూరత్వమంటే చేయి చేసుకోవడం ఒక్కటే కాదు. నిత్యమూ అవమానించడం, లేనిపోని అక్రమ సంబంధాలు అంటగట్టడం, తప్పుడు కేసులు పెట్టడం, ఇవి కూడా మనస్సును హింసించేవే. అట్లాగని కూరలో ఉప్పు ఎక్కువైందన్న గొడవనూ, అత్తగారు విసుక్కొన్నదన్న ఫిర్యాదునూ కోర్టులు క్రూరత్వం అనవు. సంసారమన్నాక సహజంగా వచ్చే చిల్లర తగవులు వేరు, కలిసి బ్రతకడమే దుర్భరమయ్యే ప్రవర్తన వేరు.

విడాకులకంటే ఒక మెట్టు ముందు మరి రెండు ఏర్పాట్లు ఉన్నవి. ఒకటి, కారణం లేకుండా వెళ్ళిపోయిన భార్యనో భర్తనో తిరిగి కాపురానికి రమ్మని కోర్టును కోరడం. దీని మీద మన దగ్గరే ఒక పెద్ద చర్చ జరిగింది. బలవంతాన కాపురం చేయించడం రాజ్యాంగానికి విరుద్ధమని 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ సెక్షనును కొట్టివేసింది. మరుసటి సంవత్సరమే మరో కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షను చెల్లుతుందని చెప్పింది. రెండోది, పెళ్ళి రద్దు కాకుండానే విడిగా ఉండడానికి కోర్టు ఇచ్చే డిక్రీ. ఈ రెండింటిలో ఏ డిక్రీ వచ్చాక అయినా ఏడాది పాటు ఇద్దరూ కలవకపోతే, దాని మీదనే విడాకులు కోరవచ్చును.

ఇద్దరూ ఒప్పుకొంటే

విడిపోవడమే మంచిదని ఇద్దరికీ తోచినప్పుడు ఒకరి మీద ఒకరు నేరాలు మోపుకోనక్కరలేదు. 1976 సవరణే ఉభయ సమ్మతి విడాకులకు దారి ఇచ్చింది. ఇద్దరూ ఏడాది అయినా విడివిడిగా ఉండాలి. కలిసి ఉండలేకపోయామని, విడిపోవడానికి ఇష్టపూర్వకంగా ఒప్పుకొన్నామని ఒకే పిటీషను మీద ఇద్దరూ సంతకాలు చేయాలి. పెళ్ళి శుభలేఖ, ఫోటోలు, రిజిస్ట్రేషను అయి ఉంటే ఆ సర్టిఫికెట్టు, నివాసం చూపే కాగితాలు జతపరచాలి. డబ్బు, నగలు, పిల్లలు – వీటి విషయంలో ఏమి ఒప్పుకొన్నారో స్పష్టంగా వ్రాయాలి.

పిటీషను వేసిన రోజే విడాకులు రావు. ఆరునెలలు ఆగి, పద్దెనిమిది నెలలు దాటకుండా, ఇద్దరూ మళ్ళీ కోర్టు ముందుకు వచ్చి “మా మనసు మారలేదు” అని చెప్పాలి. ఈ మధ్యకాలంలో ఎవరి మనసు మారినా సమ్మతి వెనక్కు తీసుకోవచ్చును. ఒక్కరు వెనక్కు తగ్గితే ఉభయ సమ్మతి అన్నది లేనట్టే. అందుచేతనే, డిక్రీ రాకముందే మొత్తం డబ్బు చేతికిచ్చివేయడం గాని, డబ్బు సంగతి తేలకుండా చివరి వాఙ్మూలం ఇవ్వడం గాని తెలివైన పని కాదు. అనుభవజ్ఞులైన ప్లీడర్లు సగం మొదటి విడతలోను, సగం చివరి విడతలోను ముట్టేటట్లు వ్రాయిస్తారు.

ఆరునెలల గడువు విషయంలో 2017లో సుప్రీంకోర్టు ఒక వెసులుబాటు చూపింది. పిటీషను నాటికే ఏడాదిన్నర విడిగా ఉండి, కలపడానికి చేసిన ప్రయత్నాలన్నీ విఫలమై, మనోవర్తి, పిల్లల సంగతులు నిజంగా పరిష్కారమైపోయి, ఇంకా ఆగమనడం ఇద్దరి బాధనూ పొడిగించడమే అయినప్పుడు, ఆ గడువును కోర్టు తగ్గించవచ్చును. అది అడిగినవారందరికీ దొరికే హక్కు కాదు. జడ్జిగారికి నమ్మకం కుదరాలి.

ఒకరే కోరితే

ఒకరు విడాకులు కోరి, రెండోవారు కాదంటే దారి పొడవవుతుంది. పిటీషను ఎక్కడ వేయాలి? పెళ్ళి జరిగిన ఊరిలోనో, ప్రతివాది ఉండే ఊరిలోనో, ఇద్దరూ చివరిసారి కలిసి ఉన్న చోటనో వేయవచ్చును. 2003లో వచ్చిన సవరణ ఆడవారికి గొప్ప మేలు చేసింది: భార్య పిటీషను వేసేటట్లయితే, తాను ప్రస్తుతం ఉంటున్న ఊరి కోర్టులోనే వేసుకోవచ్చును. పుట్టింటికి చేరిన అమ్మాయి అత్తవారి ఊరు రైలెక్కి పోనక్కరలేదు.

కుటుంబ న్యాయస్థానం ఉన్న చోట కేసు దానికే వెళ్తుంది. లేని చోట సీనియర్ సివిల్ జడ్జిగారి కోర్టుకో, జిల్లా కోర్టుకో వెళ్తుంది. ఈ కుటుంబ న్యాయస్థానాల వెనుక మన ఆడపడుచు ఒకరు ఉన్నారు. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో చైనా వెళ్ళినప్పుడు అక్కడి కుటుంబ న్యాయస్థానాలను చూశారు. సంసారాల తగవులను భూమి తగాదాల మాదిరిగా విచారించడం తగదనీ, ఇటువంటి కోర్టులు మనకూ కావాలనీ తిరిగి వచ్చాక నెహ్రూగారితోను, న్యాయమూర్తులతోను చర్చించారు. ఆమె 1981లో కాలం చేశారు. చట్టం 1984లో వచ్చింది. మంచి ఆలోచన చట్టం కావడానికి ముప్పై ఏళ్ళు పట్టింది!

కేసు నడిచే తీరు ఇది. పిటీషనుకు నంబరు పడుతుంది. ఎదుటివారికి నోటీసు వెళ్తుంది. వారు తమ జవాబు కౌంటరుగా దాఖలు చేస్తారు. విచారణకు ముందు ఇద్దరినీ కలపడానికి ప్రయత్నించడం కోర్టు విధి. కౌన్సిలర్ల దగ్గరికో, మధ్యవర్తుల దగ్గరికో పంపుతారు. ఇది ఉత్త తంతు అనుకొని విసుక్కోరాదు. అక్కడ కలిసిపోయినవారూ ఉన్నారు, పోట్లాటగా వచ్చి ఉభయ సమ్మతితో వెళ్ళినవారూ ఉన్నారు. అది కుదరకపోతే సాక్ష్యం మొదలవుతుంది. ముందు పిటీషనుదారు చెప్పాలి, ఎదుటి ప్లీడరు అడిగే ప్రశ్నలకు జవాబివ్వాలి. తరువాత రెండోవారి వంతు. ఆపైన వాదనలు, తీర్పు.

“నలుగురిలో ఇవన్నీ చెప్పుకోవాలా?” అన్న బెంగ చాలామంది స్త్రీలకు ఉంటుంది. అక్కరలేదు. ఈ కేసులు తలుపులు మూసి విచారిస్తారు. పేర్లు, వివరాలు పత్రికలవారు అచ్చువేయడానికి వీలు లేదు.

నోటీసు అందిన ఆరునెలల్లో విచారణ ముగించడానికి ప్రయత్నించాలని చట్టంలో వ్రాసి ఉన్నది. ఆచరణలో వాయిదాల మీద వాయిదాలు పడి ఏళ్ళు గడిచే కేసులు కోకొల్లలు. నోటీసు వచ్చినా వెళ్ళకుండా ఊరుకొంటే ఎదుటివారి మాట మీదనే ఏకపక్షంగా డిక్రీ ఇచ్చివేస్తారు. నోటీసును చింపి పారవేయడం ధైర్యం కాదు, అవివేకం.

ఇంకొక అపోహ కూడా తీర్చాలి. పెళ్ళి పూర్తిగా చచ్చిపోయిందని చూపితే విడాకులు ఇస్తారని కొందరు చెబుతూ ఉంటారు. 2023లో సుప్రీంకోర్టు రాజ్యాంగం తనకిచ్చిన ప్రత్యేకాధికారంతో అట్లా చేయగలనని చెప్పిన మాట నిజమే. అది సుప్రీంకోర్టుకు ఉన్న అధికారం. కింది కోర్టులో మాత్రం చట్టంలో ఉన్న కారణమే చూపాలి.

మనోవర్తి, పిల్లలు, నగలు

కేసు నడిచినన్నాళ్ళూ చేతిలో కాసు లేనివారు ఏం తిని బ్రతకాలి? అందుకే తాత్కాలిక మనోవర్తి, కోర్టు ఖర్చులు ఇప్పించమని అడగవచ్చును. చట్టం దీనిని భార్యకే పరిమితం చేయలేదు. సంపాదన లేని భర్త కూడా అడగవచ్చును. నోటీసు అందిన అరవై రోజులలో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటున్నది. ఇదివరలో జీతం తక్కువ చేసి చూపేవారూ, అవసరం ఎక్కువ చేసి చెప్పేవారూ ఉండేవారు. 2020లో సుప్రీంకోర్టు దీనికొక పద్ధతి పెట్టింది. ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తి, అప్పులు ప్రమాణపత్రంలో వ్రాసి ఇవ్వాలి. మనోవర్తిని దరఖాస్తు పెట్టుకొన్న తేదీనుంచి లెక్క కట్టాలి. డిక్రీతో పాటు శాశ్వత భరణం సంగతి వేరుగా తేలుస్తారు. దానికి ఇంతశాతం అన్న లెక్క చట్టంలో లేదు. ఇద్దరి రాబడి, ప్రవర్తన, పరిస్థితులు చూసి నిర్ణయిస్తారు.

పిల్లలు గెలుచుకొనే ఆస్తి కారు. తండ్రి హక్కు, తల్లి హక్కు అన్న మాటలకంటే పిల్లల క్షేమానికే కోర్టు ఎక్కువ విలువ ఇస్తుంది. అయిదేళ్ళు నిండనివారిని సాధారణంగా తల్లి దగ్గరే ఉంచుతారు. ఊహ తెలిసిన పిల్లలను జడ్జిగారే దగ్గర కూర్చోబెట్టుకొని మాట్లాడతారు. రెండోవారు వచ్చి చూడడానికి రోజులు నిర్ణయిస్తారు. పిల్లల పోషణ హక్కు పిల్లలదే. త్వరగా సంతకం వస్తుందని తల్లి దానిని వదులుకొన్నంతమాత్రాన అది పోదు.

నగల సంగతి. పుట్టింటివారు గాని, అత్తవారు గాని, బంధువులు గాని ఆమెకిచ్చిన బంగారం, బట్టలు, కానుకలు స్త్రీధనం. అది ఆమె సొంతం. భర్త దగ్గరో, అత్తగారి బీరువాలోనో ఉన్నంతమాత్రాన వారిది కాదని 1985లో సుప్రీంకోర్టు చెప్పింది. పెళ్ళినాడే ఒక జాబితా వ్రాసి, రసీదులు జాగ్రత్త చేసుకొంటే తరువాత ఈ వాదులాట ఉండదు. శుభమా అని పెళ్ళి చేస్తూ జాబితాలేమిటి అంటారా? కట్నకానుకల చదివింపులు వ్రాసుకోవడం మనకు కొత్తా!

డబ్బు లేక ఆగిపోవలసిన పనీ లేదు. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం స్త్రీలకు, వారి ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచితంగా ప్లీడరును ఇస్తారు. జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టుకొంటే చాలు.

ఇప్పటిదాకా చెప్పింది హిందూ వివాహ చట్టం సంగతి. రిజిస్ట్రారు ఎదుట ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్ళి చేసుకొన్నవారికి 1954 చట్టం, క్రైస్తవులకు 1869 నాటి విడాకుల చట్టం ఉన్నవి. ముస్లిం స్త్రీలు కోర్టులో విడాకులు కోరడానికి 1939 చట్టం ఉన్నది. మూడుసార్లు తలాక్ చెప్పి అక్కడికక్కడే వదిలివేయడం చెల్లదని 2017లో సుప్రీంకోర్టు చెప్పగా, 2019లో పార్లమెంటు దానిని నేరం చేసింది.

సముద్రాల అవతలి కాగితం

చెల్లని కాగితం స్టాంపు కాగితమే కానక్కరలేదు. 1975లో తిరుపతిలో ఒక పెళ్ళి జరిగింది. కొన్నాళ్ళకు దంపతులు విడిపోయారు. భర్త అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో ఒక కోర్టునుంచి విడాకుల డిక్రీ తెచ్చుకొని, యాదగిరిగుట్టలో మరొక పెళ్ళి చేసుకొన్నాడు. మొదటి భార్య ఊరుకోలేదు. బహుభార్యాత్వం కేసు పెట్టింది. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. హిందూ వివాహ చట్టం ప్రకారం జరిగిన పెళ్ళిని ఆ చట్టం ఒప్పుకోని కారణంతో, అధికారం లేని చోట, భార్య తనకై తాను ఒప్పుకోకుండా రద్దుచేసిన పరదేశపు డిక్రీ ఇక్కడ చెల్లదని 1991లో తీర్పు వచ్చింది. అబ్బాయిలూ అమ్మాయిలూ విదేశాలలో కాపురాలు చేస్తున్న ఈ రోజుల్లో ప్రతి తెలుగు ఇంటివారూ గుర్తుంచుకోవలసిన తీర్పు ఇది.

ఇక్కడి డిక్రీ చేతికి వచ్చినా మర్నాడే ముహూర్తం పెట్టుకోరాదు. కాదన్నవారి మీద వచ్చిన డిక్రీకి అప్పీలు ఉంటుంది. హిందూ వివాహ చట్టం దానికి తొంభై రోజుల గడువు ఇచ్చింది. ఆ గడువు దాటాక, లేదా అప్పీలు కొట్టివేశాకనే రెండో పెళ్ళి. ఏకపక్షపు డిక్రీ అయితే మరింత జాగ్రత్త అవసరం. నోటీసు తనకు అందలేదని ఎదుటివారు వచ్చి దానిని రద్దుచేయించే వీలుంటుంది.

మళ్ళీ పంతులుగారి దగ్గరికి

వచ్చే నెల ముహూర్తం ఆగిపోయింది. పెళ్ళికొడుకువారు మంచివాళ్ళు, ఆగుతామన్నారు. మరి మాజీ అల్లుడు? “నాకు కోర్టుతో ఏం పని? నా సంగతి ఎప్పుడో తేలిపోయింది” అని కబురు పంపాడట. ప్లీడరుగారు కోపగించుకోకుండా అతనికి ఒక ఉత్తరం వ్రాశారు. అమ్మాయి ఇంకా అతని భార్యేననీ, అతడు మరొకరి మెడలో తాళి కడితే ఏమవుతుందో అనీ నాలుగు ముక్కల్లో తెలియజేశారు. వాళ్ళింట్లోనూ సంబంధాలు చూస్తున్నారు కాబోలు, మూడోరోజున తండ్రిని వెంటబెట్టుకొని తానే వచ్చాడు!

ఇద్దరూ కలిసి పిటీషను వేశారు. అన్నట్టు, ఆ స్టాంపు కాగితం బొత్తిగా వృథా పోలేదు. ఇద్దరూ మూడేళ్ళుగా విడిగా ఉన్నారనీ, నగలూ డబ్బూ అప్పుడే తేల్చుకొన్నారనీ చెప్పడానికి అది సాక్ష్యంగా పనికివచ్చింది. గడువు తగ్గించమని దరఖాస్తు పెట్టారు. జడ్జిగారు ఇద్దరినీ విడివిడిగా అడిగి తెలుసుకొని ఒప్పుకొన్నారు.

డిక్రీ నకలు తీసుకోవడానికి తండ్రీకూతుళ్ళు వచ్చిన రోజున నేనూ అక్కడే ఉన్నాను. అమ్మాయి ఆ రెండు పుటలూ అక్షరం అక్షరం చదువుకొన్నది. కళ్ళు తుడుచుకొన్నది. కాస్త తేరుకొని, “ఇది కూడా కాగితమే కదండీ! పోతే ఏం చేయాలి?” అని అడిగింది.

“మరేం ఫరవాలేదమ్మా. దరఖాస్తు పెడితే కోర్టువారు మళ్ళీ నకలు ఇస్తారు. అసలు తీర్పు వాళ్ళ దగ్గర భద్రంగా ఉంటుంది” అన్నారు ప్లీడరుగారు.

పంతులుగారు సంచీలోనుంచి పాత స్టాంపు కాగితం తీసి చూసుకొన్నారు. చింపబోయి, ఏమనుకొన్నారో, మళ్ళీ మడతపెట్టి లోపల పెట్టుకొన్నారు. “మా ఊళ్ళో ఇంకో ఇద్దరు ఇట్లాంటివే వ్రాయించుకొన్నారు బాబూ. వాళ్ళకు చూపించి చెప్పాలి” అన్నారు.